మాస్టారి ఫోనుకి వచ్చే ఓటీపీ

ఇది మహాకావ్యానికి సరిపడా కథ. కూలడానికి సిద్ధంగా ఉన్న ఓ సంస్థ ఉంది ఇందులో. మండుటెండలో గోదావరి రెండు పాయలు దాటి చేసిన ప్రయాణం ఉంది. పోయిన మనిషి దగ్గరికి వెళ్ళి అనుమతి తెచ్చుకోవడం ఉంది. దండెత్తి రాబోతున్న పరిశీలకులూ, వాళ్ళు దిగే గెస్ట్‌హౌస్‌లో గీజర్ పనిచెయ్యదని తెలిసి అన్నం మానేసిన అధికారులూ ఉన్నారు.

ఇలా మొదలుపెడితే బాగుంటుందనిపించింది గానీ, చివరిదాకా చదివాక మీరు నన్ను తిడతారు. ఉన్నమాట ముందే చెప్పేస్తాను. ఇది ఒక వెబ్‌సైట్లో మొబైల్ నంబరు మార్చిన కథ.

రాజమండ్రిలో బస్సెక్కి కునుకు తీసేలోపు మా యూనివర్సిటీ వచ్చేస్తుంది. నేనందులో కాంట్రాక్టు లెక్చరర్ని. రొయ్యలకి ఏ జబ్బులొస్తాయో పిల్లలకి చెబుతాను. కొన్నేళ్ళకోసారి యూనివర్సిటీ తన గురించి తానే పెద్ద నివేదిక రాసుకోవాలి. దాన్ని స్వీయ అధ్యయనం అంటారు. మేమెంత గొప్పవాళ్ళమో మేమే రాసి, దానికి సాక్ష్యాలు మేమే వెతికి, ఒక పోర్టల్లో పెడితే, పైనుంచి ఓ బృందం వచ్చి చూసి గ్రేడు ఇస్తుంది. పెళ్ళిచూపుల్లాంటిదే. కాకపోతే జాతకం మనమే రాసుకోవచ్చు.

ఆ నివేదికని అప్పటిదాకా మోసినాయన వృక్షశాస్త్రం ప్రొఫెసరు. అందరూ మాస్టారు అనేవారు. పోయిన వేసవిలో ఒక శనివారం క్యాంపస్ నుంచి ఇంటికెళ్ళి, మజ్జిగ తాగి, కాసేపు నడుం వాలుస్తానన్నారు. మళ్ళీ లేవలేదు. నివేదిక సగంలో ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. నాణ్యత చూసే విభాగానికి ఆయనే పెద్ద.

"మీరు కుర్రాళ్ళు. కంప్యూటరూ అదీ తెలుసు. మాస్టారి పని కొంచెం చూడండి."

"నాకు తెలిసింది రొయ్యల గురించి సార్."

"రొయ్య తెలిసినవాడికి రిపోర్టు ఒక లెక్కా అయ్యా!"

అలా మాస్టారి గదిలో, మాస్టారి కుర్చీలో కూర్చున్నాను. ఆయన వీపు ఆకారంలో కుషను లోపలికి నొక్కుకుపోయి ఉంది. నేను సన్నగా ఉంటాను కాబట్టి చుట్టూ ఇంకా ఖాళీ మిగిలేది. ఒకరి ఒళ్ళో కూర్చున్నట్టుండేది. కుర్చీ మార్చమని అడిగితే, స్టోర్స్ వాళ్ళు పాతది విరిగినట్టు ఫోటో పెట్టమన్నారు. అది విరగలేదు. అందుకని అలాగే కూర్చున్నాను.

మొదటి రోజు పోర్టల్ తెరిచాను. పాస్‌వర్డ్ మానిటర్ కిందే ఆయన చేతిరాతతో అంటించి ఉంది. కొట్టగానే, మీ నంబరుకి ఓటీపీ పంపాం, ఎంటర్ చెయ్యండి అంది. ఎవరి నంబరని చూస్తే చివరి రెండంకెలే కనిపిస్తున్నాయి. డైరెక్టర్ గారు నా భుజం మీంచి వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది మాస్టారి నంబరు."

"సొంత నంబరా సార్? ఆఫీసుకి ఒక సిమ్ ఉండాలి కదండీ?"

"ఉంది. అది కారు డ్రైవరు వాడతాడు. ఆయనేమో పని ఆగకూడదని తనదే ఇచ్చేశారు."

నివేదికలో ఒక ప్రశ్న ఉంటుంది. నాయకత్వం మారినా పని ఆగకుండా మీ సంస్థ ఏ ఏర్పాట్లు చేసిందో వివరించండి, అని. మా ఏర్పాటు చావుని కూడా దాటిపోయింది. రాస్తే పూర్తి మార్కులు రావాలి. డైరెక్టర్ గారు వద్దన్నారు.

మాస్టారి భార్య అప్పటికే క్వార్టర్స్ ఖాళీ చేసి, పాలకొల్లులో అక్కగారింటికి వెళ్ళిపోయారు. ఆవిడకో చిన్న బటన్ ఫోను ఉంది. ఆ నంబరు ఆఫీసులో దొరికింది. ఎలా అడగాలో తెలీక, ముందు ఆరోగ్యం గురించి అడిగి, తర్వాత ఎండల గురించి మాట్లాడి, ఆ తర్వాత మెల్లిగా చెప్పాను. అమ్మా, సార్ ఫోను ఇంకా ఉందాండీ, దానికో మెసేజ్ వచ్చుంటుంది, అని.

"ఉంది బాబూ. ఛార్జింగ్‌లోనే ఉంటుంది. ఉండండి."

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు, బడిలో పాఠం చదివినట్టు నిదానంగా, మెసేజ్ మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టింది. యూనివర్సిటీ పేరు, పోర్టల్ పేరు, అంకెలు, అన్నీ. చివర్లో ఆగిపోయింది.

"దీన్ని ఎవరికీ చెప్పవద్దని రాసుంది బాబూ. చెప్పొచ్చా?"

"చెప్పేశారు కదండీ."

"అవును కదూ. ఆయనేమైనా అంటారేమో."

ఈ మాట అన్నాక ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. ఆ కాసేపట్లో ఓటీపీ గడువు అయిపోయింది. మళ్ళీ పంపించాను. మళ్ళీ మొదట్నుంచీ చదివారు.

అదే అలవాటైపోయింది. పోర్టల్‌కి ఓర్పు తక్కువ. టీ తాగొచ్చేసరికి బయటికి తోసేస్తుంది. రోజుకి ఎన్నోసార్లు ఫోను చెయ్యాల్సొచ్చేది. ఆవిడ విసుక్కోలేదు సరికదా, ఇవాళ ఏం రాస్తున్నారని అడిగేవారు. లైబ్రరీ గురించనో, క్యాంపస్‌లో మొక్కలు నాటడం గురించనో చెప్పేవాణ్ణి.

"మొక్కల సంగతి ఆయన్ని అడగండి," అన్నారోసారి. తర్వాత, "అదే, ఆయన రాసిపెట్టుంటారు చూడండి," అన్నారు.

మాసికాలు పెట్టే రోజు దగ్గరపడితే ముందే చెప్పేవారు. "రేపు పొద్దున చెయ్యకండి బాబూ. బ్రాహ్మలొస్తారు. భోజనాలయ్యాక చేసుకుందురుగాని." నా గోడ మీద పనుల క్యాలెండర్లో ఆ తిథులు గుర్తుపెట్టుకున్నాను. దేశంలో ఎన్ని యూనివర్సిటీల స్వీయ అధ్యయనం మాసికాల తిథుల్ని బట్టి నడుస్తుందో నాకు తెలీదు. ఉత్తమ విధానాలు అని ఇంకో శీర్షిక ఉంటుంది. అందులోనూ రాయలేదు.

ఓ రోజు ఆవిడ బటన్ ఫోను అక్కగారు ఎత్తారు.

"మా చెల్లి స్నానానికెళ్ళింది. ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. మీరు ఆదివారాలు పని చెయ్యరా?"

"సెలవండీ."

"చెయ్యండి. మా మరిది ఫోను టింగుమంటే ఇది లేచి, మొహం కడుక్కుని, జడేసుకుని కూర్చుంటోంది. ఇంత అన్నం తింటోంది. అది మోగకపోతే మంచం దిగదు. పిలిచినా పలకదు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటుంది. మీకు పుణ్యముంటుంది."

"ఆ ఫోనుకి వేరే మెసేజ్‌లు రావాండీ?"

"బోలెడొస్తాయి. అవన్నీ అమ్ముకునేవాళ్ళవంట, చూడనైనా చూడదు. ఇదొక్కటే ఆయన్ని పనిలోకి పిలిచేదంట."

ఆ ఆదివారం నుంచి, ఇంట్లో కూర్చుని, ఏ పనీ లేకపోయినా లాగిన్ అవుతూ వచ్చాను. ఓటీపీ చదివించుకుని, లోపలికెళ్ళి, ఒకసారి చుట్టూ చూసి బయటికొచ్చేవాణ్ణి. గుడికెళ్ళినట్టు. మా యూనివర్సిటీ పండగలక్కూడా పని మానదని పోర్టల్ వాళ్ళు అనుకుని ఉంటారు. దానికీ మార్కులేం ఇవ్వలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఫోటోల దగ్గరికొచ్చేసరికి నాకు కొంచెం తేడా చేసింది.

మేం చేశామని చెప్పుకునే ప్రతి పనికీ ఫోటో కావాలి. ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో కింద పట్టీలా పడాలి. ఫోటోలన్నీ మాస్టారే తీశారు. అందుకని ఒక్కదాంట్లోనూ ఆయన లేరు. కానీ ఆయనకి సాయంత్రం పూట, వీపుకి ఎండ పెట్టుకుని తీసే అలవాటు. రక్తదానం ఫోటోలో, కాలవగట్టు శుభ్రం చేస్తున్న ఫోటోలో, వానపాముల ఎరువు చూపిస్తున్న ఫోటోలో, కింది అంచు నుంచి ఒక పొడుగాటి నీడ నేల మీద పాక్కుంటూ వచ్చి పిల్లల కాళ్ళని తాకుతూ ఉంటుంది. రెండు చేతులూ పైకెత్తి ఫోను పట్టుకున్న నీడ. ఒకటి రెండైతే ఏమీ అనిపించదు. వందలు. మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాను ఆగి, యూపీఎస్ కుయ్యుకుయ్యుమంటుంటే, తెర మీద ఒకదాని తర్వాత ఒకటి అదే నీడ వస్తుంటే, వెనక్కి తిరిగి చూడాలనిపించేది. చూశాను కూడా. బీరువా ఉంది.

డైరెక్టర్ గారు ఆ నీడ కత్తిరించమన్నారు. బృందం అడుగుతుందేమోనని ఆయన భయం. ప్రయత్నించాను. నీడ పోవాలంటే కింది భాగం కొయ్యాలి. కింది భాగం కోస్తే స్థలం, సమయం ఉన్న పట్టీ పోతుంది. పట్టీ లేని ఫోటోని పోర్టల్ తీసుకోదు. నీడ ఉండిపోయింది.

ఆయన రాసిన ముసాయిదా ఆన్‌లైన్లో ఉండేది. పక్కన అంచుల్లో ఆయన తనకి తానే రాసుకున్న వ్యాఖ్యలు ఉండేవి. "ఫోటో దొరకలేదు. రేపు." "ఈ వాక్యం మరీ గొప్పగా ఉంది, తగ్గించాలి." "రేపు చూద్దాం." ఎన్ని రేపులో. రైతులకి శిక్షణ ఇచ్చామన్న పేరా పక్కన, "ఇది మనం నిజంగా చేశామా?" అని ఉంది. విచారించాను. మండపేట పక్క ఊళ్ళో పెడదామనుకున్నారట. ఆ రోజు వాన పడింది. నాకేం బుద్ధి పుట్టిందో, ఆ వ్యాఖ్య కింద జవాబు కొట్టాను. "చెయ్యలేదు సార్."

పావుగంటకి నా ఫోను మోగింది.

"బాబూ, మీరు ఆయనకేదో చెప్పారంటగా. చెయ్యలేదు సార్, అని వచ్చింది. ఏం చెయ్యలేదు?"

నా జవాబు ఈమెయిల్‌గా మాస్టారి ఫోనుకి వెళ్ళింది. అది కంప్యూటర్ చేసే మామూలు పని. మామూలు పనేనని నాకు నేను నాలుగుసార్లు చెప్పుకుని, వాన పడి ఆగిపోయిన శిక్షణ గురించి ఆవిడకి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అవును, ఆ రోజు తడిసి వచ్చారు," అన్నారు. ఆ పేరా తీసేశాను. మా నివేదిక మొత్తంలో ఒక అబద్ధం తగ్గిందంటే ఆ వాన పుణ్యమే.

ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ వ్యాఖ్యలకి జవాబివ్వలేదు. తొలగించలేదు కూడా. తొలగించినా ఆయనకి ఈమెయిల్ వెళ్తుందేమోనని.

మళ్ళీ వేసవి వచ్చింది. సంవత్సరీకం దగ్గరపడింది. నివేదిక సమర్పించే గడువూ దగ్గరపడింది. డైరెక్టర్ గారు ఒకరోజు తలుపేసి కూర్చోబెట్టారు.

"ఆ నంబరు మార్చెయ్యండి. పోయినాయన నంబరు మీద యూనివర్సిటీ నడుస్తోందని బృందానికి తెలిస్తే నవ్వుతారు."

"ఎవరి నంబరు పెట్టమంటారు సార్?"

"మీదే పెట్టండి. నాది మాత్రం ఎక్కడా పెట్టకండి. నెలాఖరుకి రిటైరవుతున్నాను. నాకీ గోల వద్దు."

పోర్టల్ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. నంబరు మార్చాలంటే పాత నంబరుకి ఓటీపీ వస్తుందండీ, అది కొట్టాలండీ, అన్నాడు అటుపక్క కుర్రాడు. పాత నంబరాయన పోయారని చెప్పాను. కాసేపు సంగీతం వినిపించాడు. మళ్ళీ లైనులోకొచ్చి, "సార్, ఆయన సమ్మతి ఉంటేనే అవుతుందండీ," అన్నాడు.

ఇక ఆవిడకి చెప్పక తప్పలేదు. అమ్మా, ఇంకొక్క ఓటీపీ వస్తుంది, అది చెబితే ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టం, అన్నాను. ఇబ్బంది అన్న మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించింది.



"అలాగే బాబూ. రేపు పంపండి."

మర్నాడు పంపాను. రాలేదన్నారు. సాయంత్రం పంపాను. రాలేదన్నారు. ఆ మర్నాడు కూడా, అదే గొంతుతో, "రాలేదు బాబూ." ఏడాదిపాటు ఒక్కటీ తప్పిపోని ఓటీపీ, సరిగ్గా ఆయన్ని తీసేసేదే రాకుండా పోవడం ఏంటి? నాకు అర్థమైపోయింది. ఆవిడ ఇవ్వదల్చుకోలేదు. ఇస్తే ఆ ఫోను ఇక ఆయన్ని పిలవదు. అది పిలవకపోతే ఆవిడ మంచం దిగదు. అక్కగారు చెప్పిన కంచం కళ్ళముందు కనిపించింది. అడగడం ఆపెయ్యాలనిపించింది. ఆపితే గడువు దాటుతుంది, గ్రేడు పోతుంది. నా కాంట్రాక్టు సంగతి వదిలెయ్యండి, అది ఎలాగూ ఏటా గాల్లోనే ఉంటుంది.

బండి తీసుకుని బయల్దేరాను. జొన్నాడ దగ్గర గౌతమి పాయ, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ పాయ. హెల్మెట్ లోపల ప్రసంగం తయారుచేసుకుంటూ వెళ్ళాను. అమ్మా, మనిషి జ్ఞాపకం ఒక ఫోనులో ఉండదు, అని మొదలు. సిద్ధాంతం వంతెన మీదికొచ్చేసరికి నాకే కన్నీళ్ళొచ్చాయి. మార్టేరు దాటాక, ధాన్యం ట్రాక్టరు ఒకటి దారివ్వకపోతే, దాని వెనకాల మెల్లిగా పోతూ ముగింపు కూడా తయారుచేసుకున్నాను. చాలా బాగా వచ్చింది. అది ఎవరికీ వినిపించే అవకాశం రాలేదు.

పాలకొల్లులో గోపురం కనిపించే వీధిలో ఇల్లు. ముందుగదిలో మాస్టారి ఫోటో. గంధపు దండ. ఫోటో ముందు స్టూలు మీద ఫోను, దాని ఛార్జర్ తీగ దండ వెనకనుంచి వచ్చింది. ఫోటోనే ప్లగ్గులో పెట్టినట్టుంది. ఆవిడని అదే మొదటిసారి చూడటం. జడ వేసుకోలేదు. ఏడాదిగా రోజూ విన్న గొంతు ఈ మనిషిదేనా అనిపించింది. కళ్ళు లోపలికిపోయి ఉన్నాయి. నన్ను కూర్చోమని, నేను నోరు తెరిచేలోపే అడిగారు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. మీరు ఎప్పుడో ఆపించేశారు కదూ? నాకు చెప్పలేక, పంపాను పంపాను అంటున్నారు."

"నేనా? మీరే... మీరే చెప్పట్లేదేమో అనుకున్నానండీ."

"రాంది ఎలా చెప్పను బాబూ? నాలుగు రోజులైంది, ఏదీ రాలేదు. అమ్ముకునేవాళ్ళవి కూడా రాలేదు. రాత్రుళ్ళు తీసి చూస్తున్నాను. ఛార్జింగ్ నిండుగానే ఉంది, వెలుగుతోంది, కానీ లోపలేం లేదు. పోయినేడు ఆయన్ని లేపినప్పుడూ ఇంతే. ఒళ్ళు వెచ్చగానే ఉంది."



అక్కగారు మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఇద్దరూ ఇద్దరే," అని లోపలికెళ్ళారు.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. తెర మీద ఆవిడ వేలితో గీత గీసి తెరిచారు. పాత మెసేజ్‌ల్లోకి వెళ్ళాను. ఆవిడ చదవకుండా వదిలేసిన, అమ్ముకునేవాళ్ళవని వదిలేసిన వాటిలో, ఫోను కంపెనీ వాడిది ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. మీ ప్యాక్ గడువు ముగియబోతోంది. ముగియబోతోంది. ముగిసింది. మాస్టారు పోయే ముందు, మాటిమాటికీ వేయించడం ఎందుకని ఏడాదికి సరిపడా ఒకేసారి రీచార్జ్ చేయించుకున్నారు. అది ఆయన కంటే ఏడాది ఎక్కువ బతికింది.

"రీచార్జ్ అయిపోయిందండీ. అంతే."

"అంతేనా?"

"అంతేనండీ."

నా ఫోనులోంచి రీచార్జ్ చేశాను. ముగ్గురం ఆ స్టూలు వైపే చూస్తూ కూర్చున్నాం. అక్కగారు కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గోడ మీద ఫ్యాను గాలికి దండ కదిలింది. నవ్వొచ్చే మాట ఒకటి అందామని వెతుక్కున్నాను. దొరకలేదు.

టింగ్.

ఆగి, మళ్ళీ టింగ్. తర్వాత ఆగకుండా, ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబడ్డవన్నీ ఒకరి వెనక ఒకరు లోపలికొచ్చినట్టు, ఫోను స్టూలు మీద వణుకుతూ జరుగుతోంది. నేను పంపిన ఓటీపీలు. అన్నీ గడువు తీరిపోయినవే. ఒంటి మీద రోమాలు లేచాయి. అది ఏసీ వల్లని రాద్దామంటే ఆ గదిలో ఏసీ లేదు.

ఆవిడ నిటారుగా కూర్చున్నారు. జుట్టు రెండు చేతులతో వెనక్కి తీసుకుని ముడేసుకున్నారు. ఫోటో వైపు తిరిగి, చాలా మామూలుగా, "చూడండి, ఎంత పని పేరుకుపోయిందో," అన్నారు.

నేను లాప్‌టాప్ తెరిచి, కొత్తగా ఓటీపీ పంపాను. ఫోను నాకు ఒక మూరెడు దూరంలో ఉంది. అంకెలు నాకే కనబడుతున్నాయి. అయినా ఆవిడ చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని, మొదట్నుంచీ చదివారు. యూనివర్సిటీ పేరు. పోర్టల్ పేరు. అంకెలు. ఎవరికీ చెప్పవద్దన్న దగ్గర ఈసారి ఆగలేదు.

పాత నంబరు చెరిగిపోయింది. నా నంబరు కొట్టాను.

"ఇంక రావు కదూ?" అన్నారు.

అక్కగారు గుమ్మంలోంచి నా వైపు చూశారు. నేను తెర వైపు చూశాను. ఇంకో గడి ఉంది, ప్రత్యామ్నాయ నంబరు అని. అందులో నా నంబరే మళ్ళీ కొడితే తీసుకోలేదు. డైరెక్టర్ గారిది వద్దన్నారు. ఆఫీసు సిమ్ డ్రైవరు దగ్గరుంది. మాస్టారి నంబరు కొట్టి సేవ్ నొక్కాను. నా జేబులోనూ, ఆవిడ చేతిలోనూ ఒకేసారి టింగుమంది. ఇకమీదట ప్రతి ఓటీపీ రెండు నంబర్లకీ వెళ్తుందని ఆ మెసేజ్.

ఆవిడ దాన్ని పైకి చదివారు, పూర్తిగా. చదివి, అక్కా, అన్నం ఉందా, అబ్బాయి కూడా తింటాడు, అన్నారు.

ఇది నేను దయతలచి చేశానని ఆ తర్వాత డిపార్ట్‌మెంట్లో ఒకరిద్దరు అన్నారు. అదేం లేదు. ఆ గడి పక్కన ఎర్ర చుక్క ఉంది. ప్రత్యామ్నాయ నంబరు ఇవ్వకపోతే ఆ పేజీ సేవ్ అవ్వదు.